ఓక్లండ్‌కి మూడు టైటిళ్లు, సిన్సినాటికి రెండే: మరి డెబ్బైల్లో గొప్ప టీమ్ ఏది?

మీ ప్రశ్న ఇది: 1970ల్లో అమెరికన్ బేస్‌బాల్‌లో ఓక్లండ్ అథ్లెటిక్స్ వరుసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచింది, సిన్సినాటి రెడ్స్ రెండే గెలిచింది. అయినా అందరూ ‘బిగ్ రెడ్ మెషీన్’ అంటూ రెడ్స్‌నే ఎందుకు ఆకాశానికెత్తుతారు? ఆ దశకంలో గొప్ప ఆటగాడు పీట్ రోజా, రెగ్గీ జాక్సనా?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా చూద్దాం. టీమ్ అంటే 1975, 76 సంవత్సరాల రెడ్స్. ఆటగాడు అంటే మీరు చెప్పిన ఇద్దరూ కాదు, జో మోర్గాన్. పిచర్ (బంతి విసిరేవాడు) గురించి మీరు అడగలేదు గానీ అడిగితే టామ్ సీవర్ అంటాను. నేను ఉండేది సిన్సినాటి ఉన్న ఒహాయో రాష్ట్రంలో. ఇంటి టీమ్ మీద మమకారం అనుకుంటారేమో అని వాదనంతా అంకెల మీదే పెడుతున్నాను.

ఆ రోజుల్లో పద్ధతి ఎలా ఉండేదో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సీజన్‌లో ఒక్కో టీమ్ 162 గేమ్‌లు ఆడేది. గేమ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, బ్యాటర్ మూడు బేస్‌లు చుట్టి హోమ్ ప్లేట్ చేరితే ఒక పరుగు. రెండు లీగులు, 1969 నుంచి ఒక్కో లీగులో రెండేసి డివిజన్లు. డివిజన్ విజేతలిద్దరూ ఐదు గేమ్‌ల సిరీస్ ఆడేవాళ్లు, మూడు గెలిచినవాళ్లు లీగ్ చాంపియన్. తర్వాత రెండు లీగుల చాంపియన్లకీ వరల్డ్ సిరీస్, అందులో నాలుగు గెలవాలి. అంటే ఆరు నెలల కష్టం ఫలితం అక్టోబర్‌లో మహా అయితే పన్నెండు గేమ్‌ల్లో తేలిపోతుంది.

గొడవంతా ఇక్కడే. 2023 క్రికెట్ వరల్డ్ కప్‌లో మన టీమ్ వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి అహ్మదాబాద్ ఫైనల్లో ఓడిపోయింది. ఆ టోర్నీలో బాగా ఆడిన జట్టు ఏది అంటే చాలామంది ఇప్పటికీ ఇండియానే అంటారు, కప్పు మాత్రం ఆస్ట్రేలియా దగ్గర ఉంది. బేస్‌బాల్‌లో ఈ తేడా ఇంకా పెద్దది. ఇక్కడ ఎంత గొప్ప టీమ్ అయినా సీజన్‌లో మూడింట ఒక గేమ్ ఓడిపోతుంది. అలాంటి ఆటలో ఐదు గేమ్‌ల సిరీస్ పెట్టి ‘వీళ్లే గొప్ప’ అని తీర్పు చెప్పడం కొంచెం తొందరపాటే.

ఓక్లండ్ లెక్క చూడండి, తమాషాగా ఉంటుంది. 1971లో వాళ్లు 101 గేమ్‌లు గెలిచారు. అక్టోబర్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్ చేతిలో 3-0తో ఇంటికెళ్లారు. 1975లో 98 గెలిచారు. బోస్టన్ రెడ్ సాక్స్ చేతిలో మళ్లీ 3-0. మధ్యలో ఉన్న మూడేళ్లలో గెలిచింది 93, 94, 90. టైటిళ్లు వచ్చింది ఆ మూడేళ్లలోనే! పైగా ఆ మూడేళ్లలో ఏ ఒక్క ఏడూ రెండు లీగుల్లో కలిపి ఎక్కువ గేమ్‌లు గెలిచిన టీమ్ వాళ్లు కాదు. 1972లో పిట్స్‌బర్గ్ పైరేట్స్, 1973లో రెడ్స్, 1974లో 102 విజయాలతో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్.

1973 సంగతి ఇంకా విచిత్రం. రెడ్స్ 99 గేమ్‌లు గెలిచి వస్తే ఎదురుగా న్యూయార్క్ మెట్స్. వాళ్ల లెక్క 82 గెలుపులు, 79 ఓటములు. నేషనల్ లీగ్ ఈస్ట్ డివిజన్ ఆ ఏడాది అంత నీరసంగా ఉంది మరి. ఐదు గేమ్‌లయ్యేసరికి మెట్స్ 3-2తో రెడ్స్‌ని బయటికి పంపేసింది. అదే మెట్స్ వరల్డ్ సిరీస్‌లో ఓక్లండ్‌ని ఏడో గేమ్ దాకా లాక్కెళ్లింది. మొత్తం పరుగులు కూడితే మెట్స్ 24, ఓక్లండ్ 21. 1972లోనూ అంతే, రెడ్స్ 21 పరుగులు చేసి ఓడింది, ఓక్లండ్ 16 చేసి గెలిచింది. మూడు ఫైనల్స్‌లో ఓక్లండ్ గెలిచిన గేమ్‌లు పన్నెండు, వాటిలో తొమ్మిది ఒక్క పరుగు తేడాతోనే.

ఇవన్నీ చూసి ‘అయితే ఓక్లండ్‌ది అదృష్టం’ అనేసేవాళ్లున్నారు. దాన్ని నేను ఒప్పుకోను. ఒకసారి అదృష్టం అనొచ్చు, మూడుసార్లు కాదు. అసలు కారణం పిచింగ్. సీజన్‌లో రోజూ ఆట ఉంటుంది కాబట్టి నాలుగో, ఐదో పిచర్‌ని కూడా దింపక తప్పదు. అక్టోబర్‌లో మధ్య మధ్య సెలవులొస్తాయి, ముగ్గురు మంచి పిచర్లుంటే సిరీస్ దాటేయొచ్చు. ఓక్లండ్‌కి క్యాట్‌ఫిష్ హంటర్, కెన్ హోల్ట్జ్‌మన్, వైడా బ్లూ ఉన్నారు. గెలుపోటములు పిచర్ ఖాతాలో కూడా రాస్తారు; హంటర్ ఆ మూడు ఫైనల్స్‌లో నాలుగు గెలిచి ఒక్కటీ ఓడలేదు. చివర్లో వచ్చి తలుపు మూసేయడానికి మెలితిప్పిన మీసాల రాలీ ఫింగర్స్ ఉన్నాడు. మూడేళ్లలో ఓక్లండ్ ఆడిన ఫైనల్ గేమ్‌లు 19 అయితే అతను 16లో బంతి వేశాడు. ఈ రోజుల్లో చివరి ఒక్క ఇన్నింగ్స్‌కి వచ్చే క్లోజర్‌లా కాదు, అవసరమైతే రెండు మూడు ఇన్నింగ్స్ వేసేవాడు.

1972 మూడో గేమ్‌లో ఒక ఘట్టం ఉంది, వీడియో దొరికితే తప్పక చూడండి. ఎనిమిదో ఇన్నింగ్స్, రెడ్స్ 1-0తో ముందుంది, రెండు, మూడో బేస్‌ల మీద రన్నర్లు. బ్యాటింగ్‌కి జానీ బెంచ్, కౌంట్ మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్: ఇంకో చెడ్డ బంతి పడితే బ్యాటర్‌కి ఊరికే ఫస్ట్ బేస్ (దాన్నే వాక్ అంటారు), ఇంకో స్ట్రైక్ పడితే అవుట్. ఓక్లండ్ మేనేజర్ డిక్ విలియమ్స్ మైదానంలోకొచ్చి ఫస్ట్ బేస్ వైపు చెయ్యి చూపిస్తూ హడావుడి చేశాడు, ‘వీణ్ని కావాలనే వాక్ చేసి పంపించేయండి’ అన్నట్టు. బ్యాటర్ వెనక బంతి పట్టుకునే క్యాచర్ జీన్ టెనస్ లేచి నిలబడి చెయ్యి పక్కకి చాపాడు. బెంచ్ బ్యాట్ దించేసి నిశ్చింతగా ఉన్నాడు. బంతి వేసే క్షణంలో టెనస్ మళ్లీ కిందికి కూర్చున్నాడు, ఫింగర్స్ పక్కకి తిరిగే స్లైడర్‌ని హోమ్ ప్లేట్ అంచు మీదుగా వేశాడు. స్ట్రైక్ త్రీ! బెంచ్ చూస్తూ ఉండిపోయాడు. ఇంతా చేసి ఆ గేమ్ ఓక్లండ్ 1-0తో ఓడిపోయింది, అది వేరే విషయం. కానీ ఆ టీమ్‌కి ఉన్న తెలివి, తెగింపు ఏ పాటివో ఆ ఒక్క బంతిలో కనిపిస్తాయి.

ఇంకో మాట కూడా వాళ్ల తరఫున చెప్పాలి. ఆ 1972 సిరీస్‌ని వాళ్లు రెగ్గీ జాక్సన్ లేకుండా గెలిచారు. డెట్రాయిట్‌తో లీగ్ సిరీస్ చివరి గేమ్‌లో హోమ్ ప్లేట్‌కి స్లైడ్ చేస్తూ తొడ కండరం చీలి అతను ఫైనల్స్‌కి దూరమయ్యాడు. ఆ లోటు తీర్చింది ఎవరూ ఊహించని టెనస్, నాలుగు హోమ్ రన్‌లు (బంతిని మైదానం దాటించే షాట్లు) కొట్టాడు.

ఓనర్ చార్లీ ఫిన్లీ గురించి మొదలుపెడితే ఈ సమాధానం ఎప్పటికీ అవ్వదు. మీసాలు పెంచినవాళ్లకి తలా 300 డాలర్లు ఇచ్చింది ఆయనే, ఆకుపచ్చ, బంగారు రంగు యూనిఫాం, తెల్ల బూట్లు వేయించింది ఆయనే. 1973 ఫైనల్ రెండో గేమ్ పన్నెండో ఇన్నింగ్స్‌లో మైక్ ఆండ్రూస్ అనే సెకండ్ బేస్‌మన్ రెండు ఎర్రర్‌లు చేస్తే, గాయమైందని అతనితో కాగితం మీద సంతకం పెట్టించి టీమ్ నుంచి తప్పించబోయిందీ ఆయనే. మిగతా ఆటగాళ్లు ఆండ్రూస్ నంబర్ 17ని టేపుతో చొక్కా చేతికి అంటించుకుని నిరసన తెలిపారు. కమిషనర్ బోవీ కున్ జోక్యంతో అతను తిరిగొచ్చాడు. న్యూయార్క్‌లో బ్యాటింగ్‌కి దిగితే ఎదుటి టీమ్ అభిమానులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. విలియమ్స్ విసిగిపోయి ఆ సిరీస్ గెలిచిన వెంటనే రాజీనామా చేశాడు. టైటిల్ గెలిచిన మేనేజర్ ఓనర్ పోరు పడలేక వెళ్లిపోవడం అంటే చూడండి!

ఆటగాళ్ల మధ్య కూడా ప్రశాంతత ఏమీ లేదు. 1974లో డ్రెస్సింగ్ రూమ్‌లో రెగ్గీ, బిల్లీ నార్త్ కొట్టుకున్నారు. విడదీయబోయిన క్యాచర్ రే ఫాసీ మెడకి దెబ్బ తగిలింది. ఫైనల్‌కి ముందు ఫింగర్స్, జాన్ ఓడమ్ కొట్టుకున్నారు. తర్వాత వెళ్లి డాడ్జర్స్‌ని 4-1తో ఓడించారు. చుట్టూ ఇంత రచ్చ జరుగుతున్నా ఓక్లండ్ జనం మాత్రం పెద్దగా పట్టించుకోలేదు, 1974 సీజన్ మొత్తానికి స్టేడియానికి పది లక్షల మంది కూడా రాలేదు.

ఆ టీమ్ ఎలా ముగిసిందో కూడా ఫిన్లీ కథే. హంటర్ కాంట్రాక్టు ప్రకారం కట్టాల్సిన 50,000 డాలర్ల యాన్యుటీ ఆయన కట్టలేదు. మధ్యవర్తి పీటర్ సైట్జ్ 1974 డిసెంబర్‌లో హంటర్‌కి విముక్తి ఇచ్చాడు, న్యూయార్క్ యాంకీస్ లక్షల డాలర్లు పోసి ఎగరేసుకుపోయింది. మరుసటి ఏడు అదే సైట్జ్ ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ కేసులో ఇచ్చిన తీర్పుతో ఆటగాళ్లందరికీ నచ్చిన టీమ్‌కి వెళ్లే దారి తెరుచుకుంది. ఎలాగూ పోతారని 1976లో ఫిన్లీ బ్లూని 15 లక్షల డాలర్లకి యాంకీస్‌కీ, ఫింగర్స్, జో రూడీలని చెరి పది లక్షలకి బోస్టన్‌కీ అమ్మబోతే కమిషనర్ ఆ అమ్మకాలు రద్దు చేశాడు. 1977కి ఓక్లండ్ డివిజన్‌లో అట్టడుగున ఉంది. ఆ ఏడే పుట్టిన సియాటెల్ మారినర్స్ కంటే కింద!

ఇప్పుడు రెడ్స్. ఈ టీమ్‌ని తయారుచేసిన పని 1971 నవంబర్‌లో జరిగింది. ఆ ఏడాది 39 హోమ్ రన్‌లు కొట్టిన లీ మే, సెకండ్ బేస్‌మన్ టామీ హెల్మ్స్, ఇంకొకరిని హ్యూస్టన్‌కి ఇచ్చి జో మోర్గాన్, సెంటర్ ఫీల్డర్ సీజర్ జెరోనిమో, పిచర్ జాక్ బిలింగ్‌హామ్, ఇంకో ఇద్దరిని తెచ్చుకున్నారు. హోమ్ రన్‌లు కొట్టేవాణ్ని ఇచ్చేసి ఈ పొట్టివాణ్ని తెస్తారా అని సిన్సినాటి జనం మండిపడ్డారు. మోర్గాన్ ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. తిట్టినవాళ్లకి చూపు కొత్త స్టేడియం మీద లేదు. 1970లో తెరిచిన రివర్‌ఫ్రంట్ స్టేడియంలో కృత్రిమ పచ్చిక, బంతి జారిపోతుంది. అక్కడ కావాల్సింది వేగం, ఫీల్డింగ్. మేనేజర్ స్పార్కీ ఆండర్సన్‌కీ, జనరల్ మేనేజర్ బాబ్ హౌసమ్‌కీ ఆ సంగతి తెలుసు.

రెండో పని 1975 మేలో. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉన్న రోజ్‌ని థర్డ్ బేస్‌కి మార్చి జార్జ్ ఫాస్టర్‌కి చోటు చేశాడు స్పార్కీ. ముప్ఫై నాలుగేళ్ల వయసులో, అప్పటికే ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు) అయిన స్టార్‌ని కొత్త స్థానానికి వెళ్లమంటే రోజ్ సరే అన్నాడు. రోజ్ మీద ఎన్ని విమర్శలున్నా ఇది అతని ఖాతాలో రాయాల్సిన గొప్పతనం. 20 గెలుపులు, 20 ఓటములతో నత్తనడక నడుస్తున్న టీమ్ ఆ తర్వాతి 50 గేమ్‌ల్లో 41 గెలిచింది. సీజన్ చివరికి 108 విజయాలు, రెండో స్థానంలో ఉన్న డాడ్జర్స్‌కి 20 గేమ్‌ల దూరం. సొంత మైదానంలో 64 గెలిచి 17 మాత్రమే ఓడారు.

లైనప్ ఒక్కసారి గుర్తుచేసుకోండి: రోజ్, గ్రిఫీ, మోర్గాన్, బెంచ్, పెరెజ్, ఫాస్టర్, కన్సెప్షన్, జెరోనిమో. ఊపిరి తీసుకునే చోటు పిచర్‌కి ఎక్కడా లేదు. 1970 నుంచి 77 వరకు ఎనిమిదేళ్లలో నేషనల్ లీగ్ ఎంవీపీ అవార్డులు ఆరు ఈ టీమ్‌కే వచ్చాయి: బెంచ్ రెండు, మోర్గాన్ రెండు, రోజ్ ఒకటి, ఫాస్టర్ ఒకటి. అందరూ బ్యాటింగే చూస్తారు గానీ నన్నడిగితే ఈ టీమ్ వెన్నెముక ఫీల్డింగ్. క్యాచర్ బెంచ్, సెకండ్ బేస్ మోర్గాన్, షార్ట్‌స్టాప్ కన్సెప్షన్, సెంటర్ ఫీల్డ్ జెరోనిమో: మైదానం నడిమధ్యన ఉండే ఈ నలుగురూ 1974 నుంచి 77 వరకు నాలుగేళ్లూ ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ అందుకున్నారు. ఇక బేస్ దొంగతనాలు, అంటే పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరిగెత్తడం. 1975లో 168 బేస్‌లు దొంగిలించి దొరికిపోయింది 36సార్లే.

లోటు లేదా అంటే ఉంది. ఓక్లండ్‌తో పోలిస్తే స్టార్టింగ్ పిచర్లు (గేమ్ మొదలుపెట్టేవాళ్లు) మామూలు. 1975లో ఇరవై గెలిచినవాడు ఒక్కడూ లేడు. డాన్ గలెట్, గ్యారీ నోలన్, బిలింగ్‌హామ్ తలా పదిహేను గెలిచారు. కాస్త తడబడితే చాలు, స్పార్కీ పిచర్‌ని మార్చేసేవాడు. అందుకే ‘కెప్టెన్ హుక్’ అనే పేరు. ఆ ఏడాది వరుసగా 45 గేమ్‌ల్లో రెడ్స్ స్టార్టర్ ఒక్కడు కూడా గేమ్ పూర్తిచేయలేదు. అప్పట్లో అది నవ్వులాట. ఇప్పుడు అన్ని టీమ్‌లూ చేస్తున్నది అదే.

1975 ఫైనల్ గురించి నిజాయితీగా చెప్పుకోవాలి. బోస్టన్‌తో ఏడు గేమ్‌లు, అందులో అయిదు ఒక్క పరుగు తేడావే, మొత్తం పరుగులు బోస్టన్ 30, రెడ్స్ 29. ఓక్లండ్‌ని పరుగుల లెక్కతో తక్కువ చేసేవాళ్లు ఈ లెక్క కూడా ఒప్పుకోవాలి. అక్టోబర్ 21న జరిగిన ఆరో గేమ్‌ని బేస్‌బాల్ చరిత్రలోనే గొప్ప గేమ్ అనేవాళ్లు ఎక్కువ. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ ఆటగాడు బెర్నీ కార్బో మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి స్కోరు 6-6 చేశాడు. పదకొండులో మోర్గాన్ కొట్టిన బంతిని డ్వైట్ ఎవన్స్ గోడ దగ్గర అందుకున్నాడు. పన్నెండులో బోస్టన్ క్యాచర్ కార్ల్‌టన్ ఫిస్క్ కొట్టిన బంతి గాల్లో ఉండగా అతను చేతులూపుతూ ‘లోపలికి, లోపలికి’ అని బతిమాలడం, అది మైదానం హద్దు చూపే ఫౌల్ పోల్‌కి తగిలి హోమ్ రన్ అవడం, బోస్టన్ గెలవడం. ఆ వీడియో చూడని అమెరికన్ అభిమాని ఉండడు. కానీ మర్నాడు ఏడో గేమ్ ఎవరు గెలిచారో చాలామందికి గుర్తుండదు! తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మోర్గాన్ కొట్టిన చిన్న సింగిల్‌కి గ్రిఫీ హోమ్ చేరాడు, రెడ్స్ 4-3తో గెలిచింది.

1975 ఒక్కటే ఉంటే నేను కూడా తటపటాయించేవాణ్ని. తీర్పు తేల్చింది 1976. ఆ ఏడాది 102 విజయాలు. పరుగులు, హోమ్ రన్‌లు, సగటు, స్లగింగ్ (హిట్‌లతో ఎన్ని బేస్‌లు వచ్చాయో చూసే లెక్క), బేస్ దొంగతనాలు, బ్యాటింగ్‌లో చెప్పుకోదగ్గ ప్రతి లెక్కలో లీగ్ మొదటి స్థానం రెడ్స్‌దే. అక్టోబర్‌లో 101 గెలిచి వచ్చిన ఫిలడెల్ఫియాని 3-0, యాంకీస్‌ని 4-0. ప్లేఆఫ్‌లో ఏడుకి ఏడు. వరల్డ్ సిరీస్‌లో 22 పరుగులు చేసి 8 ఇచ్చారు. డివిజన్లు వచ్చాక ఒక్క గేమ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచిన టీమ్ మరొకటి లేదు. పొడుగు సీజన్‌లోనూ పొట్టి సిరీస్‌లోనూ రెండింట్లో తిరుగులేని టీమ్ కావాలంటే ఇదొక్కటే కనిపిస్తుంది. మీ ప్రశ్నకి నా సమాధానం అసలు ఈ పేరాలోనే ఉంది.

‘1972లో ఎదురెదురుగా ఆడినప్పుడు ఓక్లండే గెలిచింది కదా’ అంటారు. నిజమే. కానీ అప్పటి రెడ్స్ ఇప్పుడు మనం మాట్లాడుతున్న రెడ్స్ కాదు. గ్రిఫీ లేడు, ఫాస్టర్ ఇంకా బెంచీ మీదే, థర్డ్ బేస్‌లో డెనిస్ మెన్కీ. 1975లో ఓక్లండ్, రెడ్స్ ఫైనల్ జరిగి ఉంటే బాగుండేదని నాకూ ఉంటుంది. బోస్టన్ ఆ ముచ్చట తీరనివ్వలేదు.

మిగతా టీమ్‌లని తొందరగా ముగిస్తాను. దశకం మొత్తం నిలకడ అంటే బాల్టిమోర్. పదేళ్లలో రెడ్స్ 953 గెలిస్తే ఓరియోల్స్ 944, రెండో స్థానం. 1971లో జిమ్ పామర్, మెక్‌నాలీ, మైక్ క్వెయార్, ప్యాట్ డాబ్సన్, నలుగురు పిచర్లు తలా ఇరవైకి తగ్గకుండా గెలిచారు. అయినా దశకంలో చేతికొచ్చింది 1970 టైటిల్ ఒక్కటే. 1971లో, 1979లో రెండుసార్లూ పైరేట్స్ చేతిలో, రెండుసార్లూ ఏడో గేమ్‌లో, రెండుసార్లూ సొంత ఊళ్లో ఓడారు. రెండోసారైతే 3-1 ఆధిక్యం పారేసుకుని మరీ. మేనేజర్ ఎర్ల్ వీవర్ అంపైర్ల మీద అంతలా ఎందుకు విరుచుకుపడేవాడో నాకు అర్థమవుతుంది.

పైరేట్స్‌కి ఆ రెండు టైటిళ్లూ వచ్చాయి. 1971లో రాబర్టో క్లెమెంటే ఏడు గేమ్‌ల్లోనూ హిట్ (కొట్టిన బంతితో బేస్ చేరడం) కొట్టి .414 సగటుతో, అంటే వెయ్యి ప్రయత్నాలకి 414 హిట్‌ల లెక్కన, ఫైనల్‌ని సొంతం చేసుకున్నాడు. మరుసటి ఏడు సరిగ్గా 3,000 హిట్‌లతో సీజన్ ముగించాడు, డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు. యాంకీస్ 1977, 78లో గెలిచింది. 78లో బోస్టన్ కంటే 14 గేమ్‌లు వెనకబడి అందుకోవడం, పిచర్ రాన్ గిడ్రీ 25 గెలిచి మూడే ఓడటం, ఇవన్నీ గొప్ప నాటకమే. కానీ గొప్ప టీమ్ అనేంత ఆధిపత్యం నాకు కనబడదు.

ఇప్పుడు ఆటగాడు. రోజ్ దశకంలో 2,000కి పైగా హిట్‌లు కొట్టాడు, 1978లో వరుసగా 44 గేమ్‌ల్లో హిట్ కొట్టాడు. రెగ్గీకి దశకంలో అయిదు టైటిళ్లు, 292 హోమ్ రన్‌లు, 1977 ఫైనల్ ఆరో గేమ్‌లో ముగ్గురు వేర్వేరు పిచర్ల మొదటి బంతులకే మూడు హోమ్ రన్‌లు. ఇద్దరి పేర్లూ పత్రికల్లో పతాక శీర్షికల్లో ఉండేవి. మరి మోర్గాన్ ఎందుకు?

1975నే తీసుకుందాం. రోజ్ 210 హిట్‌లు కొట్టాడు, మోర్గాన్ 163. హిట్‌లే లెక్కపెడితే కథ అయిపోయింది. కానీ మోర్గాన్ ఆ ఏడాది 132సార్లు వాక్ తీసుకున్నాడు, అంటే చెడ్డ బంతులు వదిలేసి ఊరికే ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్లాడు. హిట్ కొట్టి వెళ్లినా, నడిచి వెళ్లినా అవుట్ కాలేదు కదా, ఒక టీమ్‌కి గేమ్‌లో ఉండేవి 27 అవుట్‌లే. అవుట్ కాకుండా బేస్ చేరిన శాతం చూస్తే రోజ్ .406, మోర్గాన్ .466. అలా చేరినవాడు ఊరుకుంటాడా? 67 బేస్‌లు దొంగిలించాడు, దొరికింది పదిసార్లే. నడిచి వెళ్లిన ఫస్ట్ బేస్ రెండు బంతుల్లో సెకండ్ బేస్ అయ్యేది. ఫస్ట్ బేస్ మీద మోర్గాన్ ఉంటే పిచర్‌కి టెన్షన్, ఆ టెన్షన్‌లో బెంచ్‌కి, పెరెజ్‌కి మంచి బంతులు దొరికేవి. పైన గోల్డ్ గ్లవ్. 1976లో ఇంకా ముందుకెళ్లాడు: .320 సగటు, 27 హోమ్ రన్‌లు, 111 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో టీమ్‌కి తెచ్చిన పరుగులు), 60 దొంగతనాలు, స్లగింగ్‌లో లీగ్‌లోనే మొదటివాడు. సెకండ్ బేస్‌మన్! ఆ రోజుల్లో సెకండ్ బేస్‌మన్ అంటే బంతి ఆపితే చాలు అనుకునేవాళ్లు.

ఇప్పుడు వాడే ‘వార్’ అనే లెక్క, అంటే మామూలు ఆటగాడి బదులు ఇతను ఉంటే టీమ్‌కి ఎన్ని అదనపు విజయాలు అన్నది, దశకం మొత్తానికి బ్యాటర్లలో మోర్గాన్‌కే మొదటి స్థానం ఇస్తుంది. తమాషా ఏమిటంటే రిటైరయ్యాక టీవీ కామెంటరీలో ఇరవై ఏళ్లు కూర్చుని ఇలాంటి లెక్కల్ని అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది మోర్గానే. తనకి పట్టం కట్టినవాళ్లనే వెక్కిరించేవాడు!

రెండో స్థానం బెంచ్‌ది. 1970లో 45 హోమ్ రన్‌లు, 148 ఆర్‌బీఐలు కొట్టింది క్యాచర్ అని మర్చిపోకూడదు. రోజంతా గొంతుక్కూర్చుని మోకాళ్లు అరగదీసుకునేవాడికి దశకంలో అందరికంటే ఎక్కువ ఆర్‌బీఐలు, 1,013. వీళ్ల తర్వాతే రెగ్గీ, రోజ్, దశకంలో ఆరుసార్లు బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అత్యధిక సగటు) గెలిచిన రాడ్ కెరూ, 296 హోమ్ రన్‌లతో దశకంలో మొదటివాడైన విల్లీ స్టార్జెల్. మైక్ ష్మిట్‌ని నేను ఎనభైల లెక్కలో వేస్తాను. రోజ్ మీద జూదం కారణంగా 1989లో వేసిన నిషేధం, అతను పోయాక 2025లో ఎత్తేయడం, ఇవి వేరే చర్చ. మైదానంలో ఆడిన ఆటకి వాటితో సంబంధం లేదు.

పిచర్లలో పామర్‌కి 186 విజయాలు, దశకంలో అందరికంటే ఎక్కువ, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు మూడు. అయినా నేను సీవర్ అంటాను. పామర్ వెనక బ్రూక్స్ రాబిన్సన్, మార్క్ బెలాంజర్, పాల్ బ్లేర్ లాంటి ఫీల్డర్లు ఉండేవాళ్లు, బంతి ఎటు వెళ్లినా ఎవరో ఒకరు ఆపేవారు. సీవర్‌కి మెట్స్‌లో అంత భోగం లేదు, బ్యాటింగ్ సాయం అసలే లేదు. తన పని తనే చేసుకునేవాడు. 1968 నుంచి 76 వరకు తొమ్మిదేళ్లు వరుసగా 200కి తగ్గకుండా స్ట్రైక్ అవుట్‌లు తీశాడు. 1970 ఏప్రిల్ 22న సాన్ డియాగో మీద 19 తీశాడు, అందులో చివరి పది వరుసగా! 1977 జూన్‌లో మెట్స్ అతన్ని రెడ్స్‌కి ఇచ్చేసింది. ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే మనకీ చర్చే ఉండేది కాదు. అప్పటికే పెరెజ్‌ని మాంట్రియల్‌కి పంపేశారు, గలెట్ యాంకీస్‌కి వెళ్లిపోయాడు, మెషీన్ బోల్టులు ఊడిపోతున్నాయి.

ఒక్క సీజన్ మాత్రమే చూడమంటే నా ఓటు వేరు. 1972లో ఫిలడెల్ఫియా మొత్తం గెలిచింది 59, ఓడింది 97. ఆ 59లో 27 గెలిపించింది స్టీవ్ కార్ల్‌టన్ ఒక్కడే. 1.97 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చిన పరుగుల సగటు), 310 స్ట్రైక్ అవుట్‌లు, 30 గేమ్‌లు తానే మొదటి నుంచి చివరిదాకా వేశాడు. అట్టడుగు టీమ్‌లో ఉండి అలా ఆడటం నాకు తెలిసి ఎవరి వల్లా కాలేదు.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఇంకా ఓక్లండ్ అని పట్టుబడితే గొడవ పెట్టుకోకండి. ఏడు గేమ్‌ల సిరీస్‌లో మొదటి గేమ్‌కి హంటర్, చివర్లో ఫింగర్స్ అంటే ఏ ఏడాది రెడ్స్ అయినా చెమటలు కక్కాల్సిందే. 1976 అక్టోబర్ లెక్క మాత్రం ఒకసారి అడగండి: ఏడు ఆడి ఏడూ గెలిచిన టీమ్‌ని కాదని ఇంకో పేరు చెప్పాలంటే వాళ్ల దగ్గర కారణం ఏముంది?